పడిపోయిన చేతికి కరెంటు

1803 జనవరిలో లండన్ న్యూగేట్ జైలు దగ్గర జార్జ్ ఫాస్టర్ అనే హంతకుణ్ణి ఉరితీశారు. అప్పటి చట్టం ప్రకారం హంతకుల శవాలు వైద్యుల కోతబల్ల మీదికి వెళ్లాల్సిందే. ఈ శవం ముందుగా జొవానీ ఆల్దీనీ చేతికి వచ్చింది. కప్పకాళ్లను కరెంటుతో తన్నించిన బొలోన్యా శాస్త్రవేత్త గాల్వానీకి ఈయన మేనల్లుడు. బ్యాటరీ తీగలు ముఖానికి ఆనించగానే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. కాసేపటికి కుడిచెయ్యి పైకి లేచి పిడికిలి బిగించింది. చూడవచ్చిన వాళ్లలో ఒకాయన ఇంటికెళ్లి హడలిపోయి చచ్చాడని న్యూగేట్ నేరస్థుల కథలు చెబుతాయి. అందులో మసాలా ఉంటే ఉండొచ్చు.

చచ్చినవాడి చెయ్యి లేచిందంటే బతికున్నవాడి చెయ్యి లేపడం ఎంతసేపు అనిపిస్తుంది. తీరా చూస్తే అదే కష్టం. పక్షవాతం వచ్చిన మనిషికి కండరాలు బాగానే ఉంటాయి. దెబ్బతిన్నది మెదడు, అక్కడి నుంచి చేతికి మాట మోసుకొచ్చే దారి. కండరాన్ని ఎగిరిపడేలా చేస్తే సరిపోదు. మంచినీళ్ల గ్లాసు అందుకుందామని అతను అనుకున్నప్పుడు చెయ్యి అందుకోవాలి.

ఆ దారి ఎక్కడ మొదలవుతుందో 1870లో తేలింది. మెదడు పైపొరను ముట్టుకున్నా ఒళ్లు కదలదని అంతదాకా పెద్దలంతా నమ్మారు. బెర్లిన్‌లో గుస్తావ్ ఫ్రిట్ష్, ఎడ్వర్డ్ హిట్సిగ్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు ఆ నమ్మకాన్ని పడగొట్టారు. ప్రయోగశాలలో వసతి లేక హిట్సిగ్ భార్య అలంకరణ బల్ల మీదే కుక్కలకు కోత పెట్టారని చెబుతారు. ఆ ఇల్లాలు ఏమందో ఎవరూ రాసిపెట్టలేదు. కరెంటు ఎంత ఉండాలో చూసుకోవడానికి వాళ్ల కొలత నాలుక కొస: అక్కడ చురుక్కుమంటే చాలు. అంత చిన్న కరెంటుకే మెదడు ముందుభాగంలో ఒకచోట ముడితే అవతలివైపు ముంగాలు కదిలింది. పక్కచోట ముడితే మెడ తిరిగింది.

నాలుగేళ్లకే అమెరికాలో, సిన్సినాటిలో, రాబర్ట్స్ బార్తొలో అనే డాక్టరు ఇదే పని మనిషి మీద చేశాడు. మేరీ రాఫర్టీ అనే పనిమనిషికి తలమీద క్యాన్సర్ పుండు పుర్రెను తినేసింది. మెదడు బయటికి కనిపిస్తోంది. ఎడమవైపు సూదులు గుచ్చి కరెంటు పంపితే కుడిచెయ్యి, కుడికాలు కదిలాయి. అంతటితో ఆగలేదు, కరెంటు పెంచాడు. ఆమె ఏడ్చింది, మూర్ఛ వచ్చింది, కొన్నాళ్లకే చనిపోయింది. తోటి వైద్యులు దుమ్మెత్తిపోశాక విచారం ప్రకటించాడు. మళ్లీ చేయనన్నాడు కానీ, ఆమెకు దక్కిందేమీ లేదు.

చికిత్స అన్న ఆలోచన బలపడటానికి ఇంకో శతాబ్దం పైనే పట్టింది. 2000లో జర్మనీలోని గటింగెన్‌లో నిట్షె, పౌలుస్ తడి స్పాంజీల ద్వారా నెత్తి మీదనుంచి ఒక్క మిల్లీఆంపియరు పంపి, కదలికల కేంద్రం చురుకుదనాన్ని కాసేపు పెంచగలిగారు. కోత లేదు, ఖర్చూ తక్కువ. ప్రయోగశాలలన్నీ దాని వెంటపడ్డాయి. పక్షవాతంలో మాత్రం ఫలితాలు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా వచ్చాయి.

అమెరికాలో ‘ఎవరెస్ట్’ పేరుతో జరిగిన పెద్ద పరీక్షలో పుర్రె కింద, మెదడు పొర మీదే ఎలక్ట్రోడ్లు పెట్టి వ్యాయామం చేయించారు. 2008లో అది విఫలమైందని తేలింది. అంతకుముందు చిన్న పరీక్షల్లో బాగానే పనిచేసింది కదా, ఇక్కడేమైంది? తవ్విచూస్తే హిట్సిగ్ కుక్క మళ్లీ ఎదురొచ్చింది. చిన్న పరీక్షల్లో మెదడును ముడితే చెయ్యి కదిలినవాళ్లు ఎక్కువ. ఎవరెస్ట్‌లో బాగా తక్కువ. మెదడు నుంచి చేతికి దారి మిగిలి లేకపోతే పైన ఎంత కరెంటిచ్చీ లాభం లేదు.

2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన పరికరం మెదడును అసలు ముట్టుకోదు. ఛాతీ చర్మం కింద చిన్న యంత్రం, అక్కడి నుంచి మెడలోని వేగస్ నాడికి తీగ. రోగి డబ్బా పట్టుకోబోతున్న క్షణంలో ఫిజియోథెరపిస్టు బటన్ నొక్కితే అర సెకను కరెంటు వెళ్తుంది. ఆ నాడి మెదడులో నేర్చుకోవడానికి సాయపడే రసాయనాలను విడుదల చేయిస్తుంది. కదిలించేది మనిషే, కరెంటు ఆ కదలికను మెదడుకు గుర్తు చేసిపెడుతుంది, అంతే. వ్యాయామం చేయించిన ప్రతిసారీ వందలసార్లు, ఆరు వారాలు. 108 మందిపై జరిగిన పరీక్షలో కరెంటు అందినవారిలో 47 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. యంత్రం పెట్టీ కరెంటు ఇవ్వనివారిలో కూడా 24 శాతం మంది మెరుగయ్యారు, ఉత్త వ్యాయామంతోనే.

2023లో క్లీవ్‌లాండ్ వైద్యులు చిన్నమెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్ పెట్టిన ఫలితాలు ప్రకటించారు. 12 మందిలో 9 మందికి చెయ్యి మెరుగుపడింది. పోల్చిచూడటానికి కరెంటు అందని జట్టు లేదు కాబట్టి ఇప్పుడే పండగ చేసుకోనక్కర్లేదు. అందులోనూ బాగా కోలుకున్నది చేతివేళ్లలో ఎంతో కొంత కదలిక ముందే మిగిలినవాళ్లు.