పొగాకు ఆకుపై మచ్చలు: ఒక తెగులును పోల్చుకోవడానికి పట్టిన అరవై ఏళ్లు

నెదర్లాండ్స్‌లోని వాఖెనింగెన్ చుట్టుపక్కల పల్లెల్లో 1870లలో పొగాకు రైతుల గోడు ఒకటే. పొలంలో నాటిన నారు మూడు నుంచి ఐదు వారాల దాకా నవనవలాడుతూ ఎదిగేది. ఆపైన లేత ఆకుల మీద ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ పొడలు దేశపటంలోని ఎల్లల్లా విడివిడిగా తేలేవి. ముదురు రంగున్న చోట ఆకు దళసరిగా ఉబ్బేది, లేత రంగున్న చోట ఎదుగుదల ఆగిపోయేది. దాంతో ఆకంతా వంకర్లు తిరిగేది. చివరికి లేత భాగాలు మాడి రాలేవి. ఆ ఆకును ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా చుట్టకు పనికొచ్చేది కాదు. విసిగిపోయిన రైతులు కొన్నిచోట్ల పొగాకు సాగే మానుకున్నారు.

1879లో ఈ గోడు అక్కడి వ్యవసాయ ప్రయోగ కేంద్రం అధిపతి అడాల్ఫ్ మేయర్ చెవిన పడింది. ఆయన జర్మనీ నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త. అందుకే ముందు మట్టినే అనుమానించాడు. నత్రజని, పొటాష్, సున్నం తక్కువయ్యాయేమోనని మట్టినీ మొక్కనూ పరీక్షించి చూశాడు. జబ్బు మొక్కకూ మంచి మొక్కకూ ఆ లెక్కల్లో తేడా కనిపించలేదు. ఎండా, వేడీ మార్చి చూశాడు. బూజు కోసం, పురుగుల కోసం వెతికాడు. ఏదీ దొరకలేదు.

అప్పుడాయన చేసిన పని తేలికైనదే గానీ అంతకుముందు ఎవరికీ తోచలేదు. మచ్చల ఆకును నూరి రసం తీశాడు. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలోకి ఆ రసాన్ని పీల్చి, ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకు ఈనెలోకి గుచ్చాడు. పదిసార్లు గుచ్చితే తొమ్మిదిసార్లు, పది పదకొండు రోజుల్లో, ఆ మొక్క చిగురాకుల మీద అవే పొడలు లేచాయి. రసాన్ని 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కాచితే మాత్రం దాని బలం పోయింది. 1886లో మేయర్ ఈ సంగతులన్నీ అచ్చువేయించి, ఇది అంటుజబ్బేనని తేల్చాడు. దానికి మొజాయిక్ అని పేరు పెట్టిందీ ఆయనే. కారణం బాక్టీరియా అయి ఉంటుందన్న ఆయన ఊహ మాత్రం సరికాదు.

ఆ ఊహకు గండికొట్టింది రష్యా యువకుడు ద్మిత్రీ ఇవనోవ్‌స్కీ. క్రిమియా పొగాకు తోటల్లో ఇదే తెగులును చూసి వచ్చిన ఆయన, జబ్బు ఆకు రసాన్ని చాంబర్‌లాండ్ పింగాణీ వడపోత గొట్టం గుండా పంపాడు. ఆ గొట్టం బాక్టీరియాను దాటనివ్వదు. అయినా వడకట్టిన రసం మంచి మొక్కకు జబ్బు తెచ్చింది. 1892 ఫిబ్రవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఈ ఫలితాన్ని ప్రకటిస్తూనే, బాక్టీరియా వదిలిన విషం దిగి ఉంటుందేమో, గొట్టంలోనే లోపముందేమో అని ఆయన సందేహించాడు.

ఆ సందేహం తీర్చినవాడు డెల్ఫ్ట్‌లో పనిచేసిన మార్టినస్ బైయరింక్. ఆయన తండ్రి పొగాకు వర్తకుడు. వాఖెనింగెన్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు బైయరింక్ మేయర్ ప్రయోగాలను దగ్గరి నుంచి చూశాడు కూడా. వడకట్టిన రసంతో ఒక మొక్కకు జబ్బు తెప్పించి, దాని రసంతో ఇంకో మొక్కకు, దాని నుంచి మరో దానికి ఎక్కించుకుంటూ పోయాడు. విషమే అయితే పలచబడాలి. ఇది పలచబడలేదు, మొక్కలో పెరుగుతూ వచ్చింది. అదీ ఎదుగుతున్న లేత భాగాల్లోనే. బాగా ముదిరిన ఆకుల్లోకి రసం ఎక్కించినా వాటి మీద పొడ రాలేదు. మొజాయిక్‌ను కింది ఆకుల్లో కాక చిగురులో వెతకాలన్న గుర్తు ఇక్కడే స్థిరపడింది. 1898లో ఆయన దీన్ని ప్రాణమున్న అంటు ద్రవంగా వర్ణించి, వైరస్ అన్న మాటను వాడాడు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా రాబట్టాడు. 1939లో జర్మనీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అది సన్నని కడ్డీలుగా కంటికి కనిపించింది. మేయర్ మొదలుపెట్టిన వెతుకులాటకు అప్పటికి అరవై ఏళ్లు.

రోగం తెలిసింది. మందు దొరకలేదు. ఈ వైరస్ పట్టిన మొక్కను మళ్లీ మంచి మొక్కగా చేసే మందు ఈనాటికీ రైతు చేతికి రాలేదు.

అయితే అది ఎలా అంటుకుంటుందో తెలియడం చిన్న లాభం కాదు. దీన్ని మోసుకుతిరిగేది ప్రధానంగా మనిషి చేయి. తలలు తుంచేటప్పుడు, పిలకలు గిల్లేటప్పుడు జబ్బు మొక్క రసం వేళ్లకు అంటి, ఆ సాలులో తర్వాతి మొక్కలన్నిటికీ చేరుతుంది. 1927లో కెంటకీలో వాలో, జాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఇంకో దారిని బయటపెట్టారు. అంగట్లో అమ్మే ఆరిన పొగాకులోనూ ఈ వైరస్ సజీవంగా ఉంటుంది. పొగాకు నములుతూ నారు పీకే కూలీ తనకు తెలియకుండానే మడికంతా తెగులు అంటిస్తాడు. 1950ల చివరికి అమెరికా రైతులకు ఒక వింత సలహా అందింది: మొక్కలు ముట్టుకునే ముందు చేతులు పాలలో ముంచమని. పాలలోని ప్రోటీన్లు వైరస్ అంటుకోకుండా అడ్డుపడతాయి. జబ్బు పడిన మొక్కకు ఆ పాలు మందు కాదు, పక్క మొక్కకు కాపు.

ఆకు రంగు మారిన ప్రతి మొక్కకూ వైరస్ పట్టినట్టు కాదు. 1923లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, ఆయన సహచరులు ఇసుక నేలల్లో వచ్చే ఒక పాలిపోయే జబ్బు గుట్టు విప్పారు. పెద్ద వానల తర్వాత అడుగు ఆకులు కొసల నుంచి, అంచుల నుంచి తెల్లబారేవి, ఈనెలు మాత్రం పచ్చగానే మిగిలేవి. వాన నీటికి మట్టిలోని మెగ్నీషియం కొట్టుకుపోవడమే కారణం. 1938లో మెక్‌మర్ట్రే అనే శాస్త్రవేత్త ఒక్కొక్క పోషకం కరువైతే పొగాకు మొక్క ఎలా కనిపిస్తుందో వరుసగా నమోదు చేశాడు. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం కరువైతే మొక్క ముసలి ఆకుల్లోంచి వాటిని లాగి చిగురుకు పంపుతుంది. కాబట్టి అడుగు ఆకులే ముందు చెడతాయి. సున్నం, బోరాన్ అలా కదలవు. వాటి కరువు మొదట మొవ్వులోనే బయటపడుతుంది. ఈ జబ్బులకు మందుంది, అది ఎరువే.

తెలుగు నేల మీద ఈ చదువుకు 1947లో రాజమండ్రిలో ఒక చిరునామా ఏర్పడింది, కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ. అప్పటికే గుంటూరు సీమ నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు పాతుకుపోయింది. ఇక్కడి రైతుకు మొజాయిక్ ఒక్కటే శత్రువు కాదు. నారుమడిలో మొదలు మెత్తబడి గుంపులు గుంపులుగా ఒరిగిపోయే నారుకుళ్లు, తెల్లదోమ తెచ్చే ఆకుముడత, వేళ్లను పట్టి పీల్చే మల్లె అనే కలుపు మొక్క కూడా ఉన్నాయి. మల్లెకు పచ్చదనం ఉండదు, తిండి కోసం పూర్తిగా పొగాకు వేరు మీదే బతుకుతుంది. ఆకు మీద ఏ మచ్చా లేకుండా మొక్క వాడిపోతుంటే చూడాల్సింది మొదలు దగ్గరి నేలను. అక్కడ లేచే మల్లె మొలకలను గింజ కట్టకముందే పీకెయ్యాలి. గింజ రాలితే ఏళ్ల తరబడి మట్టిలో కాచుకుని ఉంటుంది. నారుకుళ్లు రాకుండా విత్తే ముందు మడి మీద ఊక, పొగాకు మోళ్లు పరిచి కాల్చడం, ఎత్తు మడులు కట్టడం, బోర్డో మిశ్రమం చల్లడం ఇక్కడ రైతులకు అలవాటైన పద్ధతులు.

పెరట్లో కుండీలో పెంచే ఒంటరి మొక్కకూ, చెడింది అడుగు ఆకా, చిగురా, వేరా అని చూసే ఈ పరీక్షే వర్తిస్తుంది. అడుగు ఆకులు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే లోపం తిండిలో ఉంది. కొద్దిగా ఎప్సమ్ ఉప్పు నీళ్లలో కలిపి పోస్తే కొత్తగా వచ్చే ఆకులు పచ్చగా వస్తాయి. మట్టి తడిగానే ఉండి మొక్క వాడితే వేళ్లు కుళ్లుతున్నాయేమో చూడాలి, కుండీ అడుగు చిల్లు మూసుకుపోయిందేమో చూసి నీళ్లు తగ్గించాలి. చిగురాకుల మీద రెండు పచ్చల పొడ లేచి ఆకు వంకర తిరిగితే మాత్రం ఆశ వదులుకుని, మొక్కను మట్టితో సహా తీసెయ్యాలి. సబ్బుతో చేతులూ కత్తెరా కడుక్కోవాలి. టమాటాకూ మిరపకూ ఈ వైరస్ సోకుతుంది గనక ఆ మట్టిలో వాటి నారు పోయకూడదు.