భూమి చేతికొచ్చిన తీరు: చిలుకూరు ప్రాంత భూచరిత్ర వెలుగులో స్వేచ్ఛావాద పరిశీలన

వ్యాస సంగ్రహం:
వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి హక్కు, పరిమిత రాజ్యం అనే మూడు భావనలపై నిలిచిన రాజకీయ తత్త్వం స్వేచ్ఛావాదం. తెలుగు నేలపై దీనికి దగ్గరగా వచ్చిన సంఘటిత రాజకీయ రూపం 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీ. అంతకు పుష్కరం ముందే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల రైతాంగం ఆస్తి మూలాన్నే ప్రశ్నించింది. స్వేచ్ఛావాదం తన సూత్రాలకు తాను కట్టుబడితే, ఆ ప్రశ్నను తోసిపుచ్చజాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్వేచ్ఛావాదం, స్వీయస్వామ్యం, వెట్టి, దేశ్‌ముఖ్, స్వతంత్ర పార్టీ, ఆచార్య ఎన్.జి. రంగా.

1. ప్రవేశిక

ఇక్కడ చిలుకూరు అంటే హైదరాబాదు సమీపంలోని బాలాజీ క్షేత్రం కాదు. కోదాడ, హుజూర్‌నగర్ల మధ్యనున్న మండల కేంద్రం. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఆ తర్వాత సూర్యాపేట జిల్లాలో చేరింది. రాజ్యశాస్త్ర తరగతుల్లో స్వేచ్ఛావాదాన్ని సాధారణంగా పాశ్చాత్య గ్రంథాల ఆధారంగానే బోధిస్తాం. దాన్ని ఈ ప్రాంత భూచరిత్రకు ఎదురుగా నిలిపి చూస్తే, ఆ తత్త్వంలో తరచుగా మరుగున పడే ఒక పార్శ్వం కనిపిస్తుంది.

2. సిద్ధాంత స్వరూపం

లిబర్టేరియన్ అనే పదం మొదట ఆస్తిపరుల పక్షానిది కాదు. ఫ్రెంచి అరాజకవాది జోసెఫ్ దెజాక్ 1857లో దీన్ని రాజకీయార్థంలో వాడాడు. అతడు వ్యక్తిగత ఆస్తికి వ్యతిరేకి. ఇరవయ్యో శతాబ్ది మధ్యలో అమెరికాలో ఆ పదం స్వేచ్ఛావిపణి సమర్థకుల పరమైంది.

ఈ రెండో అర్థంలోని సిద్ధాంతానికి పునాది స్వీయస్వామ్యం. అంటే, ప్రతి మనిషీ తన దేహానికీ తన శ్రమకూ తానే యజమాని. శ్రమ కలిపినవాడికే భూమిపై హక్కు పుడుతుందన్న జాన్ లాక్ వాదం దీనికి మూలం. రాబర్ట్ నోజిక్ 1974లో దీన్ని మూడు సూత్రాలుగా విస్తరించాడు: ఆస్తిని న్యాయంగా సంపాదించాలి, స్వచ్ఛందంగా బదిలీ చేయాలి, గతంలో అన్యాయం జరిగివుంటే దాన్ని సరిదిద్దాలి. మొదటి రెండు సూత్రాలు పొందిన ప్రచారం మూడోది పొందలేదు. చిలుకూరు ప్రాంతానికి అవసరమైనది ఆ మూడోదే.

3. వెట్టి: స్వీయస్వామ్య నిరాకరణ

నిజాం రాజ్యంలో దివానీ, జాగీరు, సర్ఫెఖాస్ అనే మూడు రకాల భూములు ఉండేవి. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసిన దివానీ ప్రాంతాల్లోనూ దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు అధికార బలంతో విస్తారమైన భూములను తమ పేర రాయించుకున్నారు. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి కుటుంబం అధీనంలో లక్షా యాభైవేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య తన 1972 గ్రంథంలో పేర్కొన్నారు. రికార్డు దొర చేతిలో, రికార్డు రాసేవాడు దొర చెప్పుచేతల్లో ఉన్నప్పుడు పట్టాను న్యాయార్జిత హక్కుకు నిదర్శనంగా స్వీకరించడం కష్టం.

వెట్టి ఇంతకంటే మౌలికమైన ప్రశ్న. మాల, మాదిగ కుటుంబాలు వంతులవారీగా మనుషులను పంపాలి. చాకలి, మంగలి, కుమ్మరి తదితర వృత్తులవారు కూలి లేకుండా సేవలు చేయాలి. మనిషి శ్రమపై అతడికే హక్కు లేని వ్యవస్థ ఇది. కాబట్టి వెట్టిని ఖండించడానికి సమానత్వవాదం దాకా వెళ్లనక్కరలేదు. స్వేచ్ఛావాదపు తొలి వాక్యమే చాలు.

4. దున్నేవాడి హక్కు

1944లో భువనగిరి ఆంధ్రమహాసభ తర్వాత సంఘం పల్లెపల్లెకూ విస్తరించింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో పోరాటం కొత్త దశకు చేరింది. 1951 అక్టోబరులో విరమించేనాటికి దాదాపు మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంపిణీ అయ్యాయన్నది ఉద్యమ నాయకత్వం లెక్క.

ఆ పోరాటానికి నాయకత్వం వహించింది కమ్యూనిస్టులు. వారి లక్ష్యం వేరు. అయినా దున్నేవాడికే భూమి అన్న నినాదంలోని తర్కం లాక్ వాదానికి ఎంతో దూరంలో లేదు. ఇది కేవలం కాకతాళీయ సామ్యం కాదు. అమెరికన్ స్వేచ్ఛావాది మర్రీ రాత్‌బార్డ్ 1982లో ప్రకటించిన నీతిగ్రంథంలో, దౌర్జన్యంతో ఏర్పడిన భూస్వామ్య హక్కులు చెల్లవనీ, ఆ భూమి తరతరాలుగా సాగుచేసిన రైతులదేననీ వాదించాడు. నోజిక్ కూడా, గతకాలపు అన్యాయాలు తీవ్రమైనవైతే వాటిని సరిదిద్దడానికి కొంతకాలంపాటు మరింత విస్తృతమైన రాజ్యం అవసరం కావచ్చునని అంగీకరించాడు.

5. స్వతంత్ర పార్టీ: బలం, మౌనం

1959 జనవరిలో కాంగ్రెసు నాగపూర్ సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని ఆమోదించింది. దాన్ని ప్రతిఘటిస్తూ అదే సంవత్సరం రాజాజీ, మీనూ మసానీ, రంగా స్వతంత్ర పార్టీని స్థాపించారు. నిడుబ్రోలుకు చెందిన రంగా తొలి అధ్యక్షులు. లైసెన్సు, పర్మిట్ల పాలనపై రాజాజీ చేసిన విమర్శ, సొంత చేనును వదులుకోనన్న రైతు పట్టుదల ఇందులో కలిశాయి. 1967లో ఈ పార్టీ 44 లోక్‌సభ స్థానాలు గెలిచింది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో విలీనమైంది.

రంగాను భూస్వాముల ప్రతినిధిగా తేల్చివేయడం చరిత్రకు న్యాయం కాదు. 1930లలో ఆయన జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమాలకు నాయకుడు. ఆయన సమర్థించినది స్వయంగా సాగుచేసే రైతు ఆస్తిని. అయితే ఆయన అధ్యక్షత వహించిన పార్టీలోనే మాజీ సంస్థానాధీశులూ చేరారు. రైతు కష్టార్జితమైన చెలకకూ అధికార బలంతో కూడిన గడీ భూమికీ మధ్య ఉండవలసిన గీత, ఆస్తి హక్కు అనే ఒకే గొడుగు కింద చెరిగిపోయింది. పాలకుడి చేతిలోని బలప్రయోగాన్ని విమర్శించిన పార్టీ, ఆస్తి పుట్టుకలోని బలప్రయోగాన్ని అంతే నిశితంగా విమర్శించలేకపోయింది.

6. సాగర్ నీరు లేవనెత్తే ప్రశ్న

స్వేచ్ఛావాదానికి ఈ ప్రాంతం మరో చిక్కును కూడా చూపుతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను వరిసీమగా మార్చింది. మిర్యాలగూడ రైస్‌మిల్లులు ఆ నీటి ఫలితమే. ఇక్కడి ఎకరం విలువలో రైతు చెమట ఎంత, ప్రజాధనంతో తవ్విన కాలువ ఎంత అన్నది విడదీయలేం. రాజ్యం తప్పుకుంటేనే స్వేచ్ఛ అన్న మాట కాలువ చివరి భూముల రైతుకు అర్ధసత్యంగానే వినిపిస్తుంది. అదే సమయంలో, నీటి విడుదల తేదీ కోసం అధికారుల నిర్ణయంపై ఆధారపడే రైతుకు రాజ్యాధికారంపై స్వేచ్ఛావాదులు చూపే అనుమానం అర్థం కాని విషయమూ కాదు.

7. ముగింపు

• వెట్టి నిర్మూలన, దౌర్జన్యార్జిత భూముల పునఃపంపిణీ స్వేచ్ఛావాదానికి విరుద్ధాలు కావు. దాని దిద్దుబాటు సూత్రం కోరే చర్యలే.

• తెలంగాణ రైతాంగ పోరాటాన్నీ స్వతంత్ర పార్టీనీ కేవలం వామపక్షం, మితవాదం అనే ద్వంద్వంగా చదవడం చాలదు. సొంత శ్రమతో సాగుచేసే రైతు రెండింటి కేంద్రంలోనూ ఉన్నాడు.

• సాగునీటి వంటి ఉమ్మడి నిర్మాణాలు ఆస్తి విలువను సృష్టించే చోట, రాజ్యపు పాత్రను బలప్రయోగంగా మాత్రమే వర్ణించే సిద్ధాంతం అసంపూర్ణం.

1978 నాటి 44వ రాజ్యాంగ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి తొలగి, 300-ఎ అధికరణం కింద చట్టబద్ధ హక్కుగా మిగిలింది. ఆ మార్పును సమర్థించేవారైనా, వ్యతిరేకించేవారైనా ముందు తేల్చవలసినది ఆ భూమి ఎవరి శ్రమతో సాగులోకి వచ్చింది, ఎవరి బలంతో చేతులు మారింది అన్న విషయమే.