అల్జీమర్స్ వ్యాధి: క్రమం, కుటుంబంపై భారం

అల్జీమర్స్ అంటే జ్ఞాపకశక్తిని, ఆలోచనను, చివరికి శరీరాన్ని క్రమంగా లొంగదీసే మెదడు జబ్బు. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ దీన్ని 1906లో తొలిసారి వివరించాడు. మెదడులో అమిలాయిడ్, టౌ అనే ప్రోటీన్లు పేరుకుని నాడీకణాలు నశిస్తాయి. లక్షణాలు బయటపడేనాటికే ఈ మార్పులు మొదలై ఏళ్లు గడుస్తాయి.

మొదట అడిగిందే అడుగుతారు, డబ్బు లెక్క తప్పుతారు. తరువాత తెలిసిన వీధిలోనే దారి తప్పడం, అనుమానాలు, పొద్దువాలగానే ఆందోళన. చివరికి మాట, నడక పోయి మింగడమూ కష్టమవుతుంది.

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఉక్కు కర్మాగారం కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. బయట హిందీ, ఇంట్లో తెలుగు. రెండు భాషలు రావడానికీ ఈ జబ్బుకూ సంబంధం కనిపించింది. నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్‌లో 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారిలో డిమెన్షియా (అల్జీమర్స్ వంటి జబ్బుల వల్ల వచ్చే మతిభ్రంశం) సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. జబ్బు ముదిరాక మాత్రం తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లిభాషే మిగలడం కొందరిలో కనిపిస్తుంది. అప్పుడు హిందీ మాత్రమే తెలిసిన ఆయాతో పని జరగదు. రోగి భర్త అయి, పిల్లలు దూరాన ఉంటే బరువంతా వృద్ధురాలైన భార్య మీదే. నిద్ర ఉండదు, నడుము పట్టేస్తుంది, కుంగుబాటు కమ్ముతుంది. భర్త తననే దొంగ అంటే, అది జబ్బని తెలిసినా మనసు విరుగుతుంది. రోగిని పరామర్శించేవారు ఆమెను పలకరించకపోవడం పెద్ద అన్యాయం.

పూర్తిగా నయంచేసే మందు ఇంకా లేదు. వయోవృద్ధులకు, వారి కుటుంబాలకు జాతీయ సహాయవాణి 14567 ఉచితంగా అందుబాటులో ఉంది.