నోటి పరిశుభ్రత – గుండె జబ్బులు

నోటి పరిశుభ్రతకు, గుండె ఆరోగ్యానికి గల సంబంధం వైద్యశాస్త్రంలో రెండు దారుల్లో పరిశీలనకు వచ్చింది: నోటిలోని బాక్టీరియా గుండె కవాటాలకు సోకడం ఒకటి, చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో గుండెపోటు ఎక్కువగా కనిపించడం మరొకటి. ప్రచారంలో ఈ రెండూ కలగలిసిపోతున్నా, మొదటిదానికి ఉన్నంత రుజువు రెండోదానికి లేదు.

గుండె లోపలి పొరకు, ముఖ్యంగా కవాటాలకు, సూక్ష్మజీవులు సోకడం వల్ల వచ్చే వ్యాధిని ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. నోటిలో సహజంగా నివసించే విరిడాన్స్ వర్గపు స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా పన్ను తీసినప్పుడే కాక, పళ్లు తోముకునేటప్పుడు, ఆహారం నమిలేటప్పుడు కూడా రక్తంలోకి చేరుతుంది. పాచి పేరుకుని చిగుళ్లు వాచి ఉంటే ఈ ప్రవేశం మరింత సులువవుతుంది. ఆరోగ్యవంతుల్లో రోగనిరోధక వ్యవస్థ దానిని కొద్దిసేపట్లోనే తొలగిస్తుంది గాని, రుమాటిక్ జ్వరం వల్ల దెబ్బతిన్న కవాటం మీదనో, కృత్రిమ కవాటం మీదనో అది అతుక్కుంటే, రక్తఫలకికలతోను ఫైబ్రిన్ అనే ప్రోటీన్‌తోను కప్పబడి గుత్తులుగా పెరుగుతుంది. వాటినుంచి విడివడిన ముక్క మెదడు రక్తనాళంలో అడ్డుపడితే పక్షవాతం వస్తుంది.

పన్ను తీసిన వెంటనే సగానికి పైగా రోగుల రక్తంలో బాక్టీరియా కనిపిస్తుందని 1935లో బ్రిటన్‌లో ఓకెల్, ఎలియట్ చూపారు. 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దంతచికిత్సకు ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలని సూచించినా, పళ్లు తోముకోవడం వంటి రోజువారీ పనుల వల్ల ఏడాది పొడవునా రక్తంలో చేరే బాక్టీరియాతో పోలిస్తే ఒక్క చికిత్సతో చేరేది స్వల్పమని గుర్తించి, 2007లో ఆ సూచనను కుదించింది. ప్రస్తుతం కృత్రిమ కవాటం ఉన్నవారు, ఈ వ్యాధి లోగడ వచ్చినవారు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చిన గుండె లోపాలున్నవారు, గుండె మార్పిడి తరువాత కవాటం దెబ్బతిన్నవారు ప్రధానంగా యాంటీబయాటిక్ ఇవ్వవలసినవారి జాబితాలో ఉన్నారు. వీరిలో పెద్దలకు సాధారణంగా చికిత్సకు 30 నుంచి 60 నిమిషాల ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇస్తారు. భారతదేశంలో ఎక్కువగా కనిపించే రుమాటిక్ కవాట వ్యాధి ఒక్కటే ఉంటే ఈ జాబితాలోకి రాదు కనుక, అటువంటివారికి రోజూ పళ్లు శుభ్రంగా తోముకోవడం, దంతవైద్యుని చేత గార తీయించుకోవడం మరింత ముఖ్యమవుతాయి.

గుండెపోటు సంగతి ఇంత స్పష్టమైనది కాదు. గుండెపోటు వచ్చినవారి దంతారోగ్యం ఇతరులకంటే హీనంగా ఉందని 1989లో ఫిన్లాండ్ పరిశోధకులు ప్రకటించారు. చిగుళ్ల వ్యాధికి కారణమయ్యే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియా డీఎన్ఏ ధమనుల్లో పేరుకున్న కొవ్వు పూడికల్లో కూడా దొరికింది. అయితే పొగతాగడం, మధుమేహం, పేదరికం ఈ రెండు జబ్బులకూ దారితీసేవే. వాటి ప్రభావాన్ని మినహాయించినా సంబంధం కనిపిస్తోందని, అంతమాత్రాన చిగుళ్ల వ్యాధే గుండె జబ్బుకు కారణమని చెప్పలేమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో పేర్కొంది. చిగుళ్లకు గట్టి చికిత్స చేస్తే ఆరు నెలల్లో రక్తనాళాల లోపలి పొర పనితీరు మెరుగుపడినట్లు 2007లో వెలువడిన ఒక పరీక్ష చూపినా, చికిత్స జరిగిన మరునాడు ఆ పనితీరు తాత్కాలికంగా మందగించినట్లు కూడా అదే పరీక్షలో తేలింది.