ఇంటిదొంగ తుప్పు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు నాంపల్లిలో నెలవారీ సమావేశం ముగిశాక నన్ను పట్టుకున్నారు. "కథలూ కవిత్వాలూ అక్కర్లేదండీ, మీ ఉద్యోగంలో మీరు చూసినది, మన పిల్లలకు తెలియనిది, ఒకటి చరిత్రగా రాయండి" అన్నారు. నేను చూసినది తుప్పు. 1972లో చేరి 2004లో పదవీ విరమణ చేసేదాకా సగానికి పైగా సర్వీసు భూమిలో పాతిన గ్యాస్ గొట్టాల తుప్పు లెక్కలతోనే గడిచిపోయింది. తుప్పుకు కూడా ఒక చరిత్రా అని నవ్వుకోకండి. ఉంది. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

ఆబిడ్స్‌లో ఒక గది, గదినిండా రిజిస్టర్లు

మా ఆఫీసు ఆబిడ్స్‌లో, జి.పి.ఓ.కు నాలుగడుగుల దూరంలోని ఒక సందులో, రెండో అంతస్తులో ఉండేది. గొట్టాలేమో కోస్తా జిల్లాల్లో. వాటి రీడింగుల రిజిస్టర్లు మూటకట్టి ఎవరో ఒక హెల్పర్ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చేవాడు. తెల్లవారి నాంపల్లి స్టేషన్లో దిగి, ఇరానీ హోటల్లో ఒక చాయ్ తాగి, మూట భుజాన వేసుకుని నడిచి వచ్చేవాడు. నేను అంకెలు సరిచూసి, నెలవారీ నివేదిక తయారుచేసి, సంతకం పెట్టి పైకి పంపేవాణ్ణి.

ఆ అంకెలు ఏమిటో మన ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా చెబుతాను. తడి మట్టిలో ఇనుము పాతితే సన్నని విద్యుత్తు పుడుతుంది. కరెంటు ఇనుములోంచి మట్టిలోకి దిగే చోట ఇనుము కరిగిపోతుంది. అదే తుప్పు. దీనికి మందు కనిపెట్టినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. 1824లో ఆయన, ఓడల అడుగున తొడిగిన రాగిరేకు సముద్రపు నీటికి చెడిపోకుండా దాని పక్కన జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి బదులు ఆ ముక్కలు అరిగిపోయాయి. మన ఇళ్ళలో ఇనుప బకెట్టుకు జింకు పూత వేయడంలో ఉన్న కిటుకు కూడా ఇదే. 1928లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో రాబర్ట్ కూన్ అనే ఇంజనీరు ఇదే సూత్రాన్ని గ్యాస్ గొట్టాలకు వాడాడు. బయటినుంచి కరెంటును మట్టిలోకి పంపి, అది గొట్టంలోకి ఎక్కేలా చేశాడు. దీన్నే కాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు.

గొట్టానికి సరిపడా కరెంటు అందుతోందా అని చూడటానికి దారి పొడవునా, సుమారు కిలోమీటరుకు ఒకటి చొప్పున, చిన్న స్తంభాలు పాతుతారు. హెల్పర్ అక్కడికి నడిచి వెళ్ళి, మైలుతుత్తం ద్రావణంలో రాగి కడ్డీ ఉన్న గొట్టంలాంటి సాధనాన్ని మట్టిమీద ఆనించి వోల్టుమీటరు చూస్తాడు. ఎండాకాలంలో నల్లరేగడి పగుళ్ళు ఇస్తే ముందు ఒక చెంబు నీళ్ళు పోయాలి. మీటరు మైనస్ 0.85 వోల్టుగాని అంతకన్నా కిందికిగాని చూపిస్తే గొట్టం క్షేమం. మైనస్ 0.6 దగ్గర ఆగిపోతే అక్కడ ఉక్కును మట్టి తింటున్నట్టు లెక్క.

పద్నాలుగో స్తంభం

1993లో ఒక రోజు రిజిస్టరు తిరగేస్తుంటే, ఒక కాలువ దాటే చోట వరసగా పది నెలలు ఒకే అంకె కనిపించింది, మైనస్ 0.96. వానాకాలమైనా ఎండాకాలమైనా అదే 0.96. మట్టిలో తడి మారితే అంకె కాస్తయినా మారాలి. ఆ నెల మూట తెచ్చిన హెల్పర్ వయసులో నాకన్నా పెద్దవాడు, గోదావరి లంకల మనిషి. అతన్ని కూర్చోబెట్టి అడిగాను.

"అయ్యగారూ, నాకు ఉజ్జోగం ఉండాలండి" అని కాసేపు నీళ్ళు నమిలాడు. తరవాత, "ఆ పద్నాలుగో స్తంభం కిందటేడు వరదకే కొట్టుకుపోయిందండి. అక్కడ చూడ్డానికి ఏవీ లేదండి" అన్నాడు.

లేని స్తంభం దగ్గర పది నెలలు రీడింగు తీశారన్నమాట! నోట్ రాసి మా పై అధికారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన చదివి, "పదమూడూ బాగుంది, పదిహేనూ బాగుంది. మధ్యలోది ఒక్కటీ చెడుతుందిటండీ? తనిఖీ వాళ్ళు వచ్చేముందు ఈ గొడవ ఎందుకు? వచ్చే నెల చూద్దాం" అన్నారు. నేను నోట్ వెనక్కి తీసుకున్నాను. నివేదిక మీద సంతకం పెట్టాను. తనిఖీకి వచ్చినవారు కాగితాలు చూసి, గళ్ళన్నీ నిండి ఉన్నాయని మెచ్చుకుని, మధ్యాహ్నం భోజనానికి తాజ్‌మహల్ హోటలుకు వెళ్ళారు. వాళ్ళలో ఒక్కరూ ఆ కాలువ గట్టు చూడలేదు. చూడలేదు సరే, చూడమని నేనూ చెప్పలేదు.

మరుసటి వేసవిలో కొత్త స్తంభం పాతారు. మొదటి రీడింగు మైనస్ 0.61. తవ్వి చూస్తే గజం పొడవున తారుపూత ఊడిపోయి, ఉక్కుమీద గోరు దిగేంత గుంటలు పడి ఉన్నాయి. బాగుచేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా జాగ్రత్త వల్ల కాదు, ఎవరో చేసుకున్న పుణ్యం.

ఎవరు చూడాలి?

నియమాలు లేక ఇలా జరిగిందనుకోవద్దు. గొట్టం వేయడానికి రైతు భూమిలో వాడుక హక్కు ఇచ్చే చట్టం 1962 నుంచీ ఉంది. దాని ప్రకారం భూమి రైతుదే, కాని గొట్టం మీద ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. భద్రత ప్రమాణాలు రాయడానికి 1986లో పెట్రోలియం మంత్రిత్వశాఖ కింద చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ఏర్పడింది. అందులో పనిచేసేవారు ఎక్కువగా చమురు కంపెనీల నుంచే డెప్యుటేషన్ మీద వచ్చేవారు. చట్టబద్ధమైన నియంత్రణ మండలి కోసం 2006 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి చట్టం వచ్చింది. 2007లో మండలి ఏర్పడింది. 2009లో సహజవాయువు గొట్టాల సాంకేతిక, భద్రతా ప్రమాణాల నిబంధనలు, 2012లో గొట్టాల పటిష్ఠత నిర్వహణ నిబంధనలు వెలువడ్డాయి. ఈ 2012 నిబంధనల సారం ఇదీ: గొట్టం నడిపేవాడు దానికి ఏ ఏ వైపులనుంచి ముప్పు ఉందో ముందే రాసుకోవాలి, ప్రతి ముప్పుకూ పరీక్ష ఉండాలి, ఆ పరీక్షను బయటివారు ఆడిట్ చేయాలి. మా రోజుల్లో ఇలాంటివి ఉంటే పద్నాలుగో స్తంభం పది నెలలు దాగేది కాదని, అప్పటికే పదవీ విరమణ చేసిన నేను సంతోషించాను.

నగరం ఉదయం

నా సంతోషం రెండేళ్ళు కూడా నిలవలేదు. 2014 జూన్ 27. తెల్లవారుజామున తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో (2022 నుంచి ఇది కోనసీమ జిల్లా) గెయిల్ సంస్థ గ్యాస్ గొట్టం పగిలింది. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రం వైపు పోయే 18 అంగుళాల గొట్టం అది. గ్యాస్ కమ్ముకుని ఉన్న సమయంలో ఒక టీ దుకాణంలో పొయ్యి వెలిగించగా అంటుకుందని అప్పటి వార్తలు. నిద్రలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు మొవ్వులతో సహా మాడిపోయి నల్లటి స్తంభాల్లా నిలబడ్డాయి. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండినప్పుడు కోనసీమ భయం ఏమిటో చూశాం. కాని అది తవ్వుతున్న బావి. ఇది ఊరి మధ్య ఏళ్ళ తరబడి మౌనంగా పడున్న గొట్టం.

ఆ రోజు టీవీ ముందు కూర్చుంటే మా మనవడు అడిగాడు. "తాతయ్యా, నువ్వు చేసిన ఉద్యోగం ఇలా అవకుండా చూడ్డమేగా?" అవునని అన్నాను గాని, గొంతు సహకరించలేదు. వాడికి పద్నాలుగో స్తంభం సంగతి ఆ రాత్రే మొదటిసారి చెప్పాను.

విచారణలో తేలినది చూస్తే నా బాధ ఇంకా పెరిగింది. ఈసారి తుప్పు బయటినుంచి రాలేదు, లోపలినుంచి వచ్చింది. ఆ గొట్టం పొడి గ్యాసు కోసం వేసినది. అందులో పారింది నీరు, ద్రవాలు కలిసిన తడి గ్యాసు. గ్యాసులోని తేమ తీసే యూనిట్ అక్కడ పెట్టవలసి ఉండగా పెట్టలేదు. నీరు పల్లపు చోట్ల నిలిచి ఉక్కును అడుగునుంచి కొరికింది. గ్యాసు లీకవుతోందని అంతకు ముందే చెప్పామని గ్రామస్థులు మొత్తుకున్నారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. మేము పూజగదిలో దీపంలా కాపాడుకున్న ఆ మైనస్ 0.85 గొట్టం బయటి గోడకే రక్ష. లోపలి గోడకు అది ఏమీ చేయదు. లోపలి తుప్పు పట్టుకోవాలంటే వేరే పనులు చేయాలి. గ్యాసును ముందే ఆరబెట్టాలి. 'పిగ్' అనే సాధనాన్ని గొట్టంలో తోసి నీరు, మురికి ఊడ్చాలి. గోడ మందం కొలిచే అయస్కాంతపు పిగ్‌ను నడిపించాలి. లోపల చిన్న ఉక్కు బిళ్ళ వేలాడదీసి కొంతకాలం తరవాత తూచి, ఎంత అరిగిందో చూడాలి. మా పాత రిజిస్టరులో వీటిలో దేనికీ గడి లేదు. లోపల ఏం పారుతోందని అది అడగనే లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీధి తలుపుకే కాపలా పెట్టినవాడు మాత్రం ఎలా పట్టగలడు?

వాళ్ళకీ తప్పలేదు

కొన్నాళ్ళకు ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో అలవాటుగా వెతుకుతుంటే తుప్పు మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అది పట్టుకుని ఇంటికి వచ్చి, ఇతర దేశాల సంగతులు కూడా చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో 1965లో లూసియానా రాష్ట్రంలో ఒక గ్యాస్ గొట్టం పగిలి 17 మంది పోయారు. ఆ తరవాత 1968లో గ్యాస్ గొట్టాల భద్రతా చట్టం చేశారు. 1971లో తుప్పు నివారణకు ప్రత్యేక నిబంధనలు పెట్టారు. అంత పాత నిబంధనలు ఉండి కూడా 2000 ఆగస్టు 19న న్యూ మెక్సికోలో కార్ల్స్‌బాడ్ దగ్గర 30 అంగుళాల గొట్టం పగిలింది. నది ఒడ్డున గుడారాలు వేసుకున్న 12 మంది మరణించారు. కారణం లోపలి తుప్పే. కంపెనీ పద్ధతి ఆ తుప్పును పట్టలేదని, ప్రమాదానికి ముందు ప్రభుత్వం చేసిన తనిఖీలు ఆ పద్ధతిలోని లోపాన్ని పట్టలేదని వాళ్ళ రవాణా భద్రతా బోర్డు రాసింది. అక్కడ కార్ల్స్‌బాడ్, పద్నాలుగేళ్ళకు ఇక్కడ నగరం. పాఠం మాత్రం ఒక్కటే.

మిత్రులకు నా మనవి

తనిఖీ అంటే గళ్ళు నిండాయా అని చూడటం కాదు. రెండు ప్రశ్నలు వేయాలి. ఈ అంకెను ఎవరైనా నిజంగా వెళ్ళి కొలిచారా? ఈ రిజిస్టరు అడగవలసిన ప్రశ్న అడుగుతోందా? మొదటి ప్రశ్నకు నేను జవాబు తెలిసీ నోరు మూసుకున్నాను. రెండోది నాకు తోచనే లేదు.

మన హైదరాబాదులో 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ ద్వారా ఇప్పుడు చాలా ఇళ్ళకు గొట్టం గ్యాసు వస్తోంది. ఇళ్ళ దాకా వచ్చే సన్న గొట్టాలు ఎక్కువగా పాలిథిలీన్‌వి, వాటికి తుప్పు భయం లేదు. దూరం నుంచి గ్యాసు మోసుకొచ్చే పెద్ద గొట్టాలు మాత్రం ఉక్కువి. భయపడమని చెప్పడం లేదు, కళ్ళు తెరుచుకుని ఉండమంటున్నాను. మీ ఊళ్ళో పొలం గట్టున గ్యాస్ గొట్టం గుర్తురాళ్ళు ఉంటే వాటి మీది అత్యవసర ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ తవ్వేముందు కబురు చేయండి. రాయి పడిపోయినా, నేలలోంచి బుసబుస వినిపించినా, పచ్చిక అకారణంగా ఎండినా వెంటనే చెప్పండి. ఊరి దగ్గర వాసన ఉంటేనే గ్యాసు అనుకోవద్దు. వంటింటి గ్యాసులో కలిపే వాసన మందు పెద్ద గొట్టాల్లో ఉండకపోవచ్చు.

ఇంకా ఉద్యోగంలో ఉన్న మన కొడుకులకూ కోడళ్ళకూ ఒక్క మాట. మీ బల్ల మీదికి పద్నాలుగో స్తంభం లాంటిది తప్పక వస్తుంది. అది గ్యాసు కాకపోవచ్చు, వంతెన కావచ్చు, లిఫ్టు కావచ్చు, మందుల గోడౌను కావచ్చు. "వచ్చే నెల చూద్దాం" అని పైవారంటే, మీ నోట్ వెనక్కి తీసుకోకండి. దాన్ని ఫైల్లోనే ఉంచండి. ఆనాటి హెల్పర్ ఉద్యోగం పోతుందేమోనని వణుకుతూ కూడా నాకు నిజం చెప్పాడు. పెన్షన్ దాకా భద్రమైన ఉద్యోగంలో ఉన్న నేను చెప్పలేకపోయాను. అతను ఇప్పుడు లేడు. ఈ వ్యాసం అతని పేరు చెప్పకుండానే అతనికి నమస్కారం.