లోగో: తాబేలు నడకలో జ్యామితి

లోగో అనేది బడిపిల్లల గణితం కోసం 1967లో అమెరికాలో పుట్టిన ప్రోగ్రామింగ్ భాష. మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్ పట్టణంలోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో వాలీ ఫోయర్‌జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, డేనియల్ బాబ్రో కలిసి దీన్ని తయారుచేశారు. కంప్యూటర్ అంటే గదినిండా పట్టే యంత్రమని, దాని దగ్గరికి వెళ్లాలంటే శాస్త్రవేత్త అయివుండాలని లోకం అనుకుంటున్న కాలమది. అలాంటప్పుడు పదేళ్ల పిల్లల చేతికి దాన్ని అప్పగించాలనుకోవడమే పెద్ద సాహసం.

అప్పటికే కంప్యూటర్‌తో లెక్కలు నేర్పే ప్రయత్నాలు కొన్ని జరుగుతున్నాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ బిట్జర్ బృందం 1960లో ప్లేటో అనే బోధన వ్యవస్థను మొదలుపెట్టింది. స్టాన్‌ఫర్డ్‌లో ప్యాట్రిక్ సప్పెస్ బృందం చిన్న పిల్లలకు అంకగణితంలో అభ్యాసం చేయించింది. యంత్రం లెక్క ఇస్తుంది, పిల్లవాడు జవాబు టైపు చేస్తాడు, తప్పయితే మళ్లీ అడుగుతుంది. ఎక్కాలు, కూడికలు వంటబట్టడానికి ఈ పద్ధతి పనికొచ్చింది. అయితే ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో నిర్ణయించేది మాత్రం యంత్రమే.

డార్ట్‌మౌత్ కళాశాలలో గణిత ఆచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ వేరే దారి పట్టారు. 1964 మే 1 తెల్లవారుజామున వాళ్లు రూపొందించిన బేసిక్ భాషలో మొదటి ప్రోగ్రాములు నడిచాయి. ఒకే కంప్యూటర్‌ను ఎందరో ఒకేసారి టెలిటైపులనే టైపు యంత్రాల మీద వాడుకునే ఏర్పాటు అది. సైన్సు చదవని విద్యార్థి కూడా ప్రోగ్రాము రాయగలగాలన్నది వాళ్ల పట్టుదల. తర్వాత ఆ ప్రాంతపు హైస్కూళ్లకూ టెలిఫోన్ తీగల ద్వారా ఆ సౌకర్యం అందింది.

పాపర్ట్ ఇంకా ముందుకు వెళ్లాడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఈ గణితవేత్త జెనీవాలో పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే దగ్గర కొన్నేళ్లు పనిచేశాడు. పిల్లలు జ్ఞానాన్ని బయటినుంచి నింపుకోరు, తమంతట తాము కట్టుకుంటారన్నది అక్కడ ఆయన గ్రహించిన విషయం. 1960ల మధ్యలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి వచ్చాక దాన్ని కంప్యూటర్‌కు అన్వయించాడు. కంప్యూటర్ పిల్లవాణ్ని నడిపించడం కాదు, పిల్లవాడే కంప్యూటర్‌ను నడిపించాలి. ఒక సంగతిని యంత్రానికి నేర్పాలంటే ముందు అది తనకు స్పష్టంగా తెలియాలి కదా!

లోగోకు తొలి రోజుల్లో తాబేలు లేదు. మాటలు, జాబితాలే దాని ముడిసరుకు. 1968-69లో లెక్సింగ్టన్‌లోని మజ్జీ జూనియర్ హైస్కూల్లో ఏడో తరగతి పిల్లలకు మామూలు గణిత పాఠాల స్థానంలో లోగో నేర్పారు. వాళ్లు ఆటల ప్రోగ్రాములు రాశారు, వాక్యాలు అల్లే ప్రోగ్రాములు రాశారు. అలా వాక్యాలు అల్లిస్తున్న ఒక పదమూడేళ్ల అమ్మాయికి నామవాచకం, క్రియ అన్న విభజన ఎందుకుందో అప్పుడే అర్థమైందని పాపర్ట్ తర్వాత రాశాడు.

ఆ వెంటనే తాబేలు వచ్చింది. మొదట అది నేల మీద పాకే చిన్న రోబో. తీగ ద్వారా కంప్యూటర్ చెప్పినట్టు నడుస్తూ, కడుపు కింది పెన్నుతో కాగితం మీద గీత గీసేది. 1940ల చివర బ్రిటన్‌లో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రవేత్త చేసిన యంత్రపు తాబేళ్లను బట్టి దానికా పేరు పెట్టారు. తర్వాత అది తెర మీదికి ఎక్కింది. ‘ఫార్వర్డ్ 100’ అంటే వంద అడుగులు ముందుకు, ‘రైట్ 90’ అంటే కుడివైపు తొంభై డిగ్రీలు తిరగడం. ఈ రెండింటినీ నాలుగు సార్లు చేయమంటే చతురస్రం వస్తుంది.

అసలు గణితం త్రిభుజం దగ్గర మొదలవుతుంది. సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని పిల్లలకు ముందే తెలుసు. కాబట్టి ‘రిపీట్ 3 [ఫార్వర్డ్ 100 రైట్ 60]’ అని రాస్తారు. తెర మీద త్రిభుజం రాదు, షడ్భుజిలో సగం వస్తుంది. ఎందుకు? తాబేలు తిరిగేది లోపలి కోణంలో కాదు, బయటి కోణంలో. మూల దగ్గర అది 180 నుంచి 60 తీసేసినంత, అంటే 120 డిగ్రీలు తిరగాలి. నమ్మకం కుదరకపోతే పిల్లవాడే లేచి నేల మీద నడిచి చూడొచ్చు. అలా నడిచి, బయల్దేరిన చోటికి మొదట చూసిన దిక్కుకే ముఖం పెట్టి చేరితే ఒక పూర్తి చుట్టు తిరిగినట్టే. అందుకే బాహ్యకోణాల మొత్తం 360 డిగ్రీలు. ఇక పంచభుజికి 72 ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడు భుజాలకు 360ని ఏడుతో భాగిస్తే చాలు, ఆ భాగహారాన్ని ప్రోగ్రాములోనే రాసేయొచ్చు. ఐదు కోణాల నక్షత్రానికి మాత్రం ప్రతి మూలా 144 డిగ్రీలు తిరగాలి. ఐదు మలుపులు కలిపితే 720, అంటే తాబేలు రెండు చుట్లు తిరిగిందన్నమాట. అడుగు వేస్తూ ఒక్కో డిగ్రీ చొప్పున 360 సార్లు తిరిగితే చూపుకు వృత్తమే. భుజం పొడవుకు అంకె బదులు ఒక పేరు పెట్టిన రోజున చలరాశి పరిచయమవుతుంది. బీజగణితంలోని ‘ఎక్స్’ను చూసి భయపడే పిల్లలకు ఇంతకంటే మంచి తొలి పరిచయం దొరకడం కష్టం.

తప్పును చూసే తీరు కూడా మారింది. నోటుబుక్కులో తప్పంటే ఎర్ర సిరా, తగ్గే మార్కులు. లోగోలో తప్పంటే ఎక్కడుందో వెతికి సరిచేయాల్సిన లోపం. తమ ఆలోచనను తామే పరీక్షించుకునే ఈ అలవాటే లోగో ఇచ్చిన అన్నిటికన్నా విలువైన కానుక.

1980లో పాపర్ట్ రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకం ఈ ఆలోచనలను ప్రపంచానికి చేర్చింది. మరుసటి ఏడాది హెరాల్డ్ ఏబెల్సన్, ఆండ్రియా డిసెస్సా ‘టర్టిల్ జ్యామెట్రీ’ రాసి, ఇదే తాబేలుతో కళాశాల స్థాయి గణితం దాకా వెళ్లొచ్చని చూపించారు. ఆపిల్-2 వంటి చిన్న కంప్యూటర్ల మీదికి లోగో రావడంతో వేలాది బడులు దాన్ని అందుకున్నాయి. కోస్టారికా 1980ల చివర ప్రాథమిక పాఠశాలల్లో జాతీయ కార్యక్రమంగానే చేపట్టింది.

ఆశలు పెరిగినచోటే విమర్శా వచ్చింది. న్యూయార్క్ బ్యాంక్ స్ట్రీట్ కళాశాలకు చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ 1984 ప్రాంతంలో చేసిన పరిశోధనల్లో, లోగో నేర్చిన పిల్లలు పనులను ప్రణాళిక వేసుకోవడంలో ఇతరులకంటే ముందున్న జాడ కనబడలేదు. ప్రోగ్రామింగ్ నేర్పితే బుద్ధి దానంతటదే పదునెక్కుతుందన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ. కానీ జ్యామితి సంగతి వేరు. బ్రిటన్‌లో సెలియా హాయిల్స్, రిచర్డ్ నాస్, అమెరికాలో డగ్లస్ క్లెమెంట్స్, మైఖేల్ బాటిస్టా వంటి వాళ్ల పరిశీలనలో, తాబేలు గీసే గీతను పాఠంలోని కోణంతో ఉపాధ్యాయుడు ముడివేసి చూపినచోట ఫలితం కనిపించింది. పిల్లవాణ్ని తెర ముందు కూర్చోబెట్టి వదిలేస్తే బొమ్మ వస్తుంది గానీ సూత్రం రాదు.

భారతదేశంలో బడికి కంప్యూటర్ 1984-85లో ‘క్లాస్’ పథకంతో వచ్చింది. మొదట 250 పాఠశాలలకు బ్రిటన్‌లో రూపొందిన బీబీసీ మైక్రో యంత్రాలు ఇచ్చారు. కంప్యూటర్ పరిచయమే దాని ప్రధాన లక్ష్యం, గణితం కాదు. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో ఇంగ్లీషు మీడియం బడుల కంప్యూటర్ పుస్తకాల్లోకి లోగో చేరింది. అయితే అది కంప్యూటర్ పీరియడ్‌కే పరిమితమై, లెక్కల మాస్టారి గదిలోకి రాలేదు. పిల్లలు ఆదేశాల పొట్టిపేర్లు బట్టీపట్టి పరీక్ష రాశారు. ఇది నిజంగా బాధపడాల్సిన నష్టం.

లోగో వారసులు నేడూ ఉన్నాయి. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే భాష వాటిలో ముఖ్యమైనది. పైథాన్ భాషతో పాటు ‘టర్టిల్’ అనే భాగం ఉచితంగానే వస్తుంది. బడిలో ఒక్క కంప్యూటర్ ఉన్నా చాలు. బాహ్యకోణాల మొత్తం 360 అని బోర్డు మీద రాసేముందు, ఆ త్రిభుజాన్ని ఒక్కసారి పిల్లల చేత గీయించి చూడమని లెక్కల ఉపాధ్యాయులకు విన్నపం.