పరదేశియు రాజశాసనమును

మన భాషలో 'పరదేశి' యను పదమునకు రెండర్థములు గలవు. అన్యదేశమునుండి వచ్చినవాడనుట మొదటిది, దిక్కులేనివాడనుట రెండవది. వాకిట నిలిచినవానిని చూచి "పాపము, పరదేశి" యని మన గృహిణు లనునప్పుడు వాని దేశ మెద్దియో వారడుగరు. వాని కెవ్వరును లేరనియే వారి భావము. ఈ రెండర్థములు నొక్క పదమున చేరుట కాకతాళీయము కాదని మాకు తోచుచున్నది. ఊరు విడిచినవానికి బంధువులు దూరమగుదురు, సాక్షులు దొరకరు, భాష చాలదు. అట్టివానికి ప్రభువే దిక్కని మన పూర్వులు చెప్పిరి. ప్రభుత్వము లాపని నెవ్వరియెడ నెరవేర్చినవి, ఎవ్వరియెడ మఱచినవి? ఆ చరిత్రలో మన తెలుగుదేశమునకు, విశేషించి సంగారెడ్డి పటాన్‌చెరు ప్రాంతమునకు సంబంధించిన భాగమును ఇందు విచారింపదలచితిమి.

క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున పాటలీపుత్రమునకు రాయబారిగా వచ్చిన మెగస్తనీసు ఆ నగరపాలనమును వర్ణించుచు, ఐదుగురేసి సభ్యులుగల యాఱు సంఘములలో నొకటి పరదేశీయుల విషయమునకే యేర్పడియుండెనని వ్రాసెను. వారికి బస చూపుట, వారి నడవడిని కనిపెట్టుట, రోగము వచ్చినచో చికిత్స చేయించుట, మరణించినచో పూడ్చిపెట్టించి వారి సొత్తును బంధువులకు పంపుట ఆ సంఘమువారి పని. మెగస్తనీసు గ్రంథము నష్టమైనను స్ట్రాబో చేసిన యుదాహరణమువలన ఈ మాట నిలిచినది. కౌటిల్యుని యర్థశాస్త్రమందును, సత్రముల నిర్వాహకులును గృహస్థులును తమ యింటికి వచ్చినవారిని, పోయినవారిని గూర్చి నగరాధికారికి తెలుపవలెనని విధి కలదు. ఈ రెంటిని చేర్చి చూచినయెడల పరదేశి విషయమున ప్రభుత్వమునకు రెండు కన్నులుండెనని తేలును: ఒకటి యనుమానపు కన్ను, రెండవది యాదరపు కన్ను. తరువాతి చట్టములను చదువునప్పుడు ఏ కన్ను తెఱచియున్నది, ఏది మూసియున్నదని చూచిన చాలును.

తెలుగుదేశమున ఆదరపు కన్నునకు శాశ్వతమైన సాక్ష్యము మోటుపల్లి శాసనము. కాకతి గణపతిదేవుడు శాలివాహనశకము 1166, అనగా క్రీస్తుశకము 1244-45లో, నేటి బాపట్ల జిల్లాలోని యా రేవునందు దీనిని స్తంభముపై చెక్కించెను. గాలివానకు ఓడ యొడ్డున పడి పగిలినచో అందలి యేనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును ఆ తీరపు రాజు బలాత్కారముగా గైకొనుట పూర్వరాజుల యాచారము. వర్తకునకు ఓడ పోయినది చాలక మిగిలిన సరకును పోవుచుండెను. గణపతిదేవు డా యాచారమును మాన్పి, నియతమైన శుల్కము తప్ప వేఱేమియు తీసికొనబోనని సకలద్వీపముల వర్తకులకు అభయమిచ్చెను. ఆ శుల్కము ముప్పదింట నొకవంతు. తన కరుణను, కీర్తిని, ధర్మమును కారణములుగా ఆ రాజు చెప్పుకొనెను. అది నిజమే కావచ్చును. కాని యిందు దయతోపాటు లెక్కయు గలదు. సముద్రవర్తకుడు మనసు విఱిగినచో మఱియొక రేవునకు పోగలడు. పోగలవానికే శాసనము రాతిపై చెక్కబడును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక.

ఇక మా ప్రాంతమునకు వత్తము. కల్యాణి చాళుక్యుల కొకప్పుడు రాజధానియైన పొట్టలకెరె యీ పటాన్‌చెరే యని చరిత్రజ్ఞులు చెప్పుదురు. తరువాత నిది మెదకు జిల్లాతోగూడ నిజాము రాజ్యమున చేరెను. ఆ రాజ్యమున పరదేశి ప్రశ్నకు వచ్చిన పేరు ముల్కీ, గైరుముల్కీ యనునది. 1853 మొదలు 1883 వఱకు దివానుగానుండిన మొదటి సాలార్జంగు ప్రభుత్వయంత్రమును చక్కబెట్టుటకై ఉత్తరహిందూస్థానమునుండి విద్యావంతులను రప్పించెను. వారు సమర్థులే. కాని పెద్ద కొలువులన్నియు వారికే పోవుచుండగా దేశీయులు మొఱపెట్టిరి. ఆ మొఱకు సమాధానముగా తుదకు 1919లో నిజాము ఫర్మానాచే ముల్కీ నిబంధనలు వచ్చినవి. వీనినిబట్టి ఆ రాజ్యపు ప్రజగా పుట్టినవాడు ముల్కీ. పదునైదేండ్లు స్థిరముగా నివసించి, స్వస్థలమునకు మరలిపోవు తలంపు విడిచితినని ప్రమాణపత్రము దాఖలు చేసినవాడును ముల్కీయే. ముల్కీ భార్యయు ముల్కీయే. తక్కినవారికి సర్కారు కొలువు లేదు. పాఠకురాండ్రు గమనింతురుగాక: భార్య భర్తనుబట్టి స్వదేశి యగును, భర్త భార్యనుబట్టి యగుట యందు లేదు. ఇది మన దేశపు దోషము మాత్రమే యనుకొనరాదు. ఆ కాలముననే అమెరికాలో 1907 నాటి చట్టమువలన పరదేశిని పెండ్లాడిన స్త్రీ తన పౌరసత్వమునే కోల్పోవుచుండెను. 1922లో కేబిల్ చట్టము వచ్చి దానిని చాలవఱకు తొలగించెను.

ఈ నిబంధనలచే బెజవాడ తెలుగువాడు వరంగల్లున పరదేశి. భాష యొక్కటి, పంచాంగ మొక్కటి, పెండ్లిపాట యొక్కటి. శాసనము మాత్రము వేఱు. అయినను శాసన మన్నిచోట్ల నట్లే యుండెనా? మంజీరానదిపై నిజాంసాగరము 1923లో ప్రారంభమై 1931లో ముగిసెను. ఆ నీటిక్రింద వరియు చెఱకును పండించుటకు నేర్పరులైన రైతులు కావలసివచ్చిరి. అప్పుడు కృష్ణా గోదావరి ప్రాంతపు రైతులు వచ్చి భూములు కొని సేద్యము చేయగా వారిని రావలదనిన వారు లేరు. కచేరీలో కుర్చీకి పదునైదేండ్లు. పొలములో నాగలికి ఒక్కదినమైన నక్కఱలేదు. పరదేశి యెవడన్నది వాడు పుట్టిన చోటునుబట్టి మాత్రమే కాక వాడడుగు పనినిబట్టియు నిర్ణయింపబడునని దీనివలన స్పష్టమగుచున్నది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరిన పిమ్మట మద్రాసు మొదలగు రాష్ట్రములనుండి యుద్యోగులు వచ్చిరి. దొంగ ముల్కీ పత్రములు పుట్టినవి. 1952లో విద్యార్థు లుద్యమించి "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని కేకలు వేసిరి. సెప్టెంబరు నెలలో హైదరాబాదున పోలీసులు కాల్పులు జరుపగా కొందఱు మరణించిరి. ఆ కేకను మేము మెచ్చము. తిండిపేరు పెట్టి మనుష్యుని వెడలగొట్టుట సంస్కారము కాదు. కాని ఆ బాలుర యాకలి యబద్ధము కాదు. చదువు ఆలస్యముగా వచ్చిన సీమలో చదువు ముందుగా వచ్చిన సీమవారు కుర్చీలు నింపినచో, పౌరులందఱు సమానులే యను వాక్యమొక్కటియే వారికి బువ్వ పెట్టదు. ఈ చిక్కును చట్టము సులువుగా విప్పలేకపోయినది. నివాసమునుబట్టి కొలువులిచ్చు 1957 నాటి చట్టపు ముఖ్యభాగమును 1969 మార్చిలో సుప్రీముకోర్టు కొట్టివేసెను. ఆ కోర్టే 1972 అక్టోబరులో పాత ముల్కీ నిబంధనలు చెల్లునని చెప్పెను. ఒక తీర్పునాడు తెలంగాణము, ఒక తీర్పునాడు కోస్తా అట్టుడికిపోయినవి. 1973లో ఆఱు సూత్రముల పథకము, 1974 జూలై 1 నుండి రాజ్యాంగమున 371-డి అధికరణమును వచ్చి, 'ముల్కీ' పోయి 'స్థానికుడు' అను మాట నిలిచినది.

ఇది మన యింటి వివాదము. సముద్రమునకావల తెలుగువాడే గైరుముల్కీ. బర్మాలో మనవారిని 'కోరంగీలు' అనిరి. కోరంగి రేవున ఓడ యెక్కినవారు గనుక. 1930 మే నెలలో రంగూను రేవు కూలీలైన తెలుగువారు కూలి హెచ్చింపుమని సమ్మె కట్టిరి. యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె తీఱగానే తెలుగువారిని మరల పిలిచి బర్మీయులను పొమ్మనిరి. ఆ దినముననే కొట్లాట ప్రారంభమై వీధులలో రక్తము ప్రవహించెను. ఇరువురును కూలీలే, ఇరువురును ఆకలిగొన్నవారే. అప్పటికి బర్మా బ్రిటిషు ఇండియాలోని భాగము. చట్టమున తెలుగుకూలి యచట పరదేశి కాడు. 1937 ఏప్రిల్ 1 నాడు బర్మా వేఱుపడగా నాటి రాత్రి నిద్రించిన గుడిసెలోనే తెల్లవాఱునప్పటికి వాడు పరదేశి యయ్యెను! 1942లో జపానుసేనలు రాగా కాలినడకన కొండలు దాటి వచ్చినవారు వచ్చిరి, దారిలో పోయినవారు పోయిరి. 1962లో నీవిను సైనికప్రభుత్వము వచ్చిన తరువాత దుకాణములు జాతీయము కాగా మిగిలినవారిలో పెక్కండ్రు తరలివచ్చిరి. విశాఖపట్టణము మొదలగు చోట్ల బర్మాకాలనీ లిప్పటికిని గలవు.

స్వతంత్రభారతపు చట్టము నీ చరిత్ర యెదుట పెట్టి చదువవలయును. మేము బడిలో పౌరశాస్త్రము చెప్పునప్పుడు బాలు రొక్క భేదమును గ్రహించుటకు కష్టపడుదురు. సమానరక్షణ నిచ్చు 14వ అధికరణమును, ప్రాణమును స్వేచ్ఛను కాపాడు 21వ అధికరణమును 'వ్యక్తి'కి చెందినవి, పరదేశికిని వర్తించును. దేశమంతట తిరుగుటకు, ఎచటనైన నివసించుటకు హక్కునిచ్చు 19వ అధికరణము 'పౌరుని'కి మాత్రమే. ఇక 1946 నాటి విదేశీయుల చట్టము పరాయిపాలకులు చేసినది. తాను విదేశీయుడను కానని నిరూపించుకొను భారము ఆరోపితునిపైననే పెట్టినది. 2025 సెప్టెంబరు 1 నుండి క్రొత్త చట్టము దాని స్థానమున వచ్చినను ఆ భారమట్లే నిలిచినది. కాగితము లేని పేదవానికి, వాడు ఈ దేశమున పుట్టినవాడే యైనను, ఇది యెంత బరువో చెప్పనక్కఱలేదు.

ఈ భేదములన్నియు మా పటాన్‌చెరులో కొలది మైళ్ళలోపలనే కన్నులకు గట్టును. 1972లో ఇచట ఇక్రిసాట్ అను అంతర్జాతీయ వ్యవసాయపరిశోధనసంస్థ వెలసెను. దానికి సుమారు 1,394 హెక్టారుల భూమి లభించెను. లోపలనున్న రెండు గ్రామముల జనులు వేఱొకచోటికి తరలిరి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ - మెట్టపొలములవాని పంటలపై ఆ సంస్థ చేసిన మేలు తక్కువది కాదు. ఐక్యరాజ్యసమితికి ప్రత్యేకహక్కులిచ్చు 1947 నాటి చట్టపు రక్షణలను భారతప్రభుత్వము దానికిని వర్తింపజేసెను. ఆ చట్టముననుసరించి అధికారకృత్యములకై న్యాయస్థానమున నిలువబెట్టరాదు, జీతముపై పన్ను లేదు, విదేశీయుల నమోదు మొదలగు నిర్బంధములు లేవు. ఆ సంస్థలోని యొక యుద్యోగి తన కొలువు విషయమై రిట్టు వేయగా, అది 'రాజ్యము' కాదు గనుక రిట్టు చెల్లదని 2003లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మోటుపల్లి యభయమే మరల వచ్చినదనవచ్చును. శాస్త్రజ్ఞుడును మనసు విఱిగినచో మఱియొక రేవునకు పోగలవాడే.

ఆ ప్రహరీకి కొంత దూరముననే పాశమైలారము పారిశ్రామికవాడ. అచటి కర్మాగారములలో బిహారు, ఒడిశా, ఝార్ఖండు, ఉత్తరప్రదేశముల కూలీలు పనిచేయుచున్నారు. వీరు పరదేశీయులు కారు. 19వ అధికరణము వీరిదే. వీరికై పార్లమెంటు 1979లో ప్రత్యేకచట్టమొకటి చేసెను. కంట్రాక్టరు ప్రతి కూలికి ఛాయాచిత్రముతోగూడిన పాసుపుస్తకము నీయవలెను. రాకపోకల ఖర్చు భరింపవలెను. ప్రమాదమున కూలి మరణించినను గట్టిదెబ్బ తగిలినను ఉభయరాష్ట్రముల యధికారులకును దగ్గఱి బంధువునకును తెలుపవలెను. మెగస్తనీసు చెప్పిన సంఘము నిర్మాతల తలంపున నుండెనో లేదో కాని, ఆదరపు కన్ను ఈ చట్టమున తెఱచియే యున్నది. చిక్కేమనగా, కంట్రాక్టరు రప్పించినవారికే యిది చెల్లును; తనంత తాను రైలెక్కి వచ్చినవానికి చెల్లదు. పేరు పుస్తకమున ఎక్కింపనివానిని తనంత తాను వచ్చినవాడని చెప్పుట కంట్రాక్టరున కెంత సులువు!

2020 ఏప్రిలు చివర, రాకపోకలు నిలిచిపోయిన దినములలో, సంగారెడ్డి చెంతనున్న కంది గ్రామమున ఐ.ఐ.టి. భవనములు కట్టుచున్న కూలీలు తమ్మును ఇండ్లకు పంపుమని అలజడి చేసిరి. మే 1 నాడు లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో బండి కదలెను. దేశమున శ్రామికులకై నడచిన మొదటి ప్రత్యేకపు రైలు అదియే. వారి సంఖ్యయు నూళ్ళును అప్పుడే పెక్కు కచేరీలకు తెలియవచ్చెను.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారమున సిగాచీ వారి కర్మాగారమున ప్రేలుడు సంభవించి ఏబదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కండ్రు దూరరాష్ట్రములవారు. ఆ సమయమున లోపల నెందఱుండిరన్న లెక్కయే మొదటి దినములలో స్థిరముగా తెలియలేదు. శరీరములను డి.ఎన్.ఏ. పరీక్షచే గుర్తింపవలసివచ్చెను, కొందఱి యవశేషములైనను దొరకలేదు. వారి తల్లులు, భార్యలు, సోదరులు భాష తెలియని యాసుపత్రి వాకిళ్ళలో రక్తమిచ్చి కూర్చుండిరి. చట్టమున వారు పౌరులు. ఆ వాకిట మాత్రము వారు మన గృహిణులు చెప్పు రెండవ యర్థమున పరదేశులు.

అదే సంవత్సరము నవంబరు 21 నుండి 1979 చట్టము పోయి, 2020లో చేసిన వృత్తిభద్రతాస్మృతి యమలులోనికి వచ్చినది. తనంత తాను వచ్చిన కూలియు, నెలకు 18,000 రూపాయల వఱకు వేతనము గలవాడైనచో, ఇందు వలసకార్మికుడే, ఇది మేలు. కాని ఐదుగురున్న చోట చెల్లుచుండిన చట్టమునకు బదులు పదిమందియున్న చోటనే చెల్లునది వచ్చెను. ఊరు విడిచినందుకిచ్చు భత్యమును పోయినది. ద్వారమున నుంచిన పుస్తకమున ప్రతిదినము పేరు, ఊరు, బంధువు పేరు వ్రాసికొనుటకు కర్మాగారమున కయ్యెడు వ్యయమెంత? ప్రతి బడిలోను ఆ పని జరుగుచునే యున్నది.

బడియనగా నొకటి చెప్పవలసియున్నది. తెలంగాణమునకై 2018లో వచ్చిన రాష్ట్రపతి యుత్తరువునుబట్టి, ఒకటవ తరగతి మొదలు ఏడవ తరగతి వఱకు గల చదువులో వరుసగా నాలుగేండ్లు ఏ ప్రాంతమున చదివెనో బాలుడా ప్రాంతపు స్థానికుడగును. నిజాము కాలమున పదునైదేండ్లును ప్రమాణపత్రమును కావలసియుండగా, నేడు పటాన్‌చెరు ప్రాథమికపాఠశాలలో చేరిన బిహారీ కూలి కొడుకునకు నాలుగేండ్ల హాజరుపట్టీ చాలును. తండ్రిపే రే పుస్తకమునను లేకున్నను, ఉపాధ్యాయుడు ప్రతియుదయము పిలుచు పేర్లలో కొడుకు పేరున్నది.